హెల్ప్‌లో దాగిన 'కు'

"ఐ హెల్ప్ టు మై ఫాదర్ ఇన్ ది ఫీల్డ్."

ఎనిమిదో తరగతి పిల్లల చేత 'ఇంట్లో నేను చేసే పనులు' అని పది వాక్యాలు రాయిస్తే, సగానికి పైగా పుస్తకాల్లో ఏదో ఒక రూపంలో ఈ వాక్యం ఉంటుంది. నాన్న బదులు అమ్మ ఉండొచ్చు, పొలం బదులు పొగాకు బ్యారన్ ఉండొచ్చు, పాల కేంద్రం ఉండొచ్చు, సాయంత్రం పెట్టుకునే బజ్జీల బండి ఉండొచ్చు. ఆ 'టు' మాత్రం మారదు. హెల్ప్ టు మి, హెల్ప్ టు హిమ్, హెల్ప్ టు మై గ్రాండ్‌మదర్.

నేను ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తాను. మా పిల్లల్లో చాలామందికి ఇంగ్లిష్ వినపడేది నా పీరియడ్‌లోనే. వాళ్ళు రాసిన 'టు' మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టి పుస్తకం తిరిగి ఇచ్చేస్తే మార్కుల వరకు పని అయిపోతుంది. కానీ ఆ 'టు' ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పకుండా కొట్టెయ్యడం నాకు మనసొప్పదు. స్టాఫ్ రూములో "వీళ్ళకి బేసిక్స్ లేవు మేడమ్" అన్న మాట తరచుగా వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. ఆ పిల్లవాడికి బేసిక్స్ ఉన్నాయి. అవి తెలుగు బేసిక్స్.

తెలుగులో నన్ను చూడు, నన్ను పిలువు, నన్ను తిట్టకు అంటాం. నన్ను సాయం చెయ్యి అని మూడేళ్ళ పిల్ల కూడా అనదు. నాకు సాయం చెయ్యి అంటుంది. నాన్నకు సాయం, అమ్మకు సాయం. అన్నం పెట్టడం, డబ్బులివ్వడం, మాట చెప్పడం లాగా సాయం కూడా ఒకరికి అందించేదే. అందుకే 'కు' వస్తుంది. ఆ 'కు'ని ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్ళేటప్పుడు పిల్లవాడు వెతుక్కున్న మాట 'టు'. "గివ్ టు మి" అని మనమే నేర్పాం కదా. వాడు చక్కగా ఆలోచించి రాశాడు. ఇంగ్లిష్ ఆ దారిలో పోలేదు, అంతే.

అంతే అని ఇక్కడితో ఆపెయ్యచ్చు. కానీ అసలు సంగతి ఇంకా లోతుగా ఉంది.

మా స్కూల్లో పదో తరగతి చదివి, తర్వాత నర్సింగ్ చేసిన ఒక అమ్మాయి ఇప్పుడు జర్మనీలో ఉద్యోగం కోసం జర్మన్ నేర్చుకుంటోంది. ఆ అమ్మాయి ఒక రాత్రి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. గొంతులో సంతోషం. "టీచర్, మీరు మా పుస్తకాల్లో కొట్టేసిన 'కు' జర్మన్‌లో ఉంది టీచర్! ఇక్కడ అది పెట్టకపోతేనే మార్కులు పోతాయి."

జర్మన్‌లో 'నన్ను' అనడానికి మిష్, 'నాకు' అనడానికి మియర్ అని రెండు వేరు వేరు మాటలు ఉన్నాయి. నన్ను చూడు అనాలంటే మిష్ వాడాలి. హెల్ప్ మి అనాలంటే మాత్రం 'హిల్ఫ్ మియర్'. అంటే అచ్చంగా 'నాకు సాయం చెయ్యి'. మిష్ పెడితే తప్పు. ఇంగ్లిష్ నుంచి జర్మన్‌కి వెళ్ళినవాళ్ళు ఈ ఒక్క క్రియ దగ్గర చాలా అవస్థ పడతారు. హెల్ఫెన్ (హెల్ప్‌కి జర్మన్ మాట) వస్తే డాటివ్, అంటే మన 'కు' లాంటి విభక్తి, అని బట్టీ పడతారు. మా అమ్మాయికి బట్టీ పట్టే అవసరం రాలేదు. మనసులో తెలుగులో అనుకుంటే చాలు, మియర్ దానంతటదే వచ్చేసిందట.

ఇంగ్లిష్, జర్మన్ ఒకే కుటుంబం. ఇంగ్లిష్‌లో 'ప' ఉన్న చోట జర్మన్‌లో చాలాసార్లు 'ఫ' ఉంటుంది. షిప్‌కి షిఫ్, స్లీప్‌కి ష్లాఫెన్, హెల్ప్‌కి హెల్ఫెన్. డచ్‌లో హెల్పెన్, స్వీడిష్‌లో యెల్పా. ఈ భాషలన్నిటికీ తల్లి అయిన పాత జర్మానిక్ భాష నుంచి ఈ క్రియ దిగివచ్చింది. అర్థం కూడా పెద్దగా మారకుండా వచ్చింది. అప్పుడూ సాయం చేయడమే, ఇప్పుడూ సాయం చేయడమే.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లిష్‌లో ఈ క్రియ 'హెల్పన్'. ఆ కాలపు ఇంగ్లిష్ మన తెలుగులాగే విభక్తుల భాష. ఎవరిని, ఎవరికి, ఎవరి యొక్క అన్నది మాట చివరలోనే తెలిసేది. 'వాణ్ణి' అనడానికి హినె. 'వాడికి' అనడానికి హిమ్. హెల్పన్ పక్కన వచ్చేది ఎక్కువగా హిమ్. అంటే అప్పటి ఇంగ్లిష్ మనిషి కూడా 'వాడికి సాయం చెయ్యి' అన్నాడు. తర్వాత కొన్ని వందల ఏళ్ళలో ఆ విభక్తులు ఒక్కొక్కటే రాలిపోయాయి. హినె అన్న మాటే పోయింది. దాని పని కూడా హిమ్ మీద పడింది. అందుకే ఇవాళ సీ హిమ్ అన్నా హిమే, హెల్ప్ హిమ్ అన్నా హిమే. కానీ పుట్టుకతో హిమ్ అంటే 'వాడికి'. హూమ్ కూడా అంతే, దాని పుట్టుకలో 'ఎవరికి' ఉంది.

ఇది తెలిశాక క్లాసులో నా పని తేలికైంది. "టు తప్పు" అని ఊరుకోవడం కాకుండా, "ఒరేయ్, ఆ 'కు' హిమ్‌లో ముందే ఉందిరా. మళ్ళీ టు పెడితే వాడికికి సాయం చెయ్యి అన్నట్టు" అంటాను. వాడికికి, నాకుకు, అమ్మకుకు అని వాళ్ళే కాసేపు అనుకుంటారు. ఆ తర్వాత ఎవరు రాసినా పక్కవాళ్ళు పట్టేస్తారు. ఇవాళ్టి ఇంగ్లిష్ వ్యాకరణం ప్రకారం హిమ్ రెండు పనులూ చేస్తుందన్న మాట కూడా పెద్ద తరగతికి చెప్తాను. ఎనిమిదో తరగతికి వాడికికి చాలు.

ఇంకో దారి కూడా ఉంది. తెలుగులోనే 'కు' అడగని మాట ఒకటి ఉంది: ఆదుకో. నన్ను ఆదుకో అంటాం, నాకు ఆదుకో అనం. కాపాడు కూడా అంతే. కాబట్టి హెల్ప్ అన్న మాట రాసేటప్పుడు మనసులో సాయం చెయ్యి అనుకోవద్దు, ఆదుకో అనుకోండి అని చెప్తాను. నాన్నని పొలంలో ఆదుకున్నాను అంటే కొంచెం పెద్ద మాటే. కానీ వాక్యం కట్టు కుదురుతుంది. ఐ హెల్ప్ మై ఫాదర్. నన్నడిగితే, మన భాషలోని రెండు క్రియల తేడా చూపించి ఇంగ్లిష్ నేర్పడం కన్నా మంచి పద్ధతి తెలుగు పిల్లలకి లేదు. తెలుగు మర్చిపోతే ఇంగ్లిష్ వస్తుందని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

హెల్ప్‌కి పాస్ట్ టెన్స్ హెల్ప్‌డ్. పిల్లలకి ఇందులో ఇబ్బంది లేదు. కానీ ఒకప్పుడు ఇది సింగ్, సాంగ్, సంగ్ లాగా లోపలి అచ్చు మార్చుకునే క్రియ. హెల్ప్, హోల్ప్, హోల్పెన్ అని ఉండేది. జర్మన్ వాళ్ళు ఇప్పటికీ హెల్ఫెన్, హాల్ఫ్, గెహోల్ఫెన్ అనే అంటారు. ఇంగ్లిష్ దాన్ని వదిలేసి మామూలు '-డ్' క్రియల గుంపులో చేరిపోయింది. షేక్‌స్పియర్ నాటకం కింగ్ లియర్‌లో 'హోల్ప్' ఉంది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో, లూకా సువార్త మొదటి అధ్యాయంలో, మరియమ్మ పాటలో 'హీ హాత్ హోల్పెన్ హిజ్ సర్వెంట్ ఇజ్రాయెల్' అని ఉంటుంది. మా ఊళ్ళో చర్చికి వెళ్ళే కుటుంబాలు చాలా ఉన్నాయి. కాబట్టి పిల్లలకి ఈ చోటు తెలుసు. తెలుగు బైబిల్లో అక్కడ 'ఇశ్రాయేలునకు సహాయము చేసెను' అని ఉంది. చూడండి, తెలుగులో '-నకు' వచ్చేసింది. పాత ఇంగ్లిష్‌లో విభక్తిగా ఉండి 1611 నాటికి కనపడకుండా పోయినది తెలుగు అనువాదంలో మళ్ళీ పైకి తేలింది.

బైబిల్ దగ్గరే ఇంకొక సంగతి చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టం. ఆదికాండం రెండో అధ్యాయంలో దేవుడు ఆదాము ఒంటరిగా ఉండటం మంచిది కాదని అనుకుంటాడు. కింగ్ జేమ్స్ బైబిల్లో అక్కడ 'యాన్ హెల్ప్ మీట్ ఫర్ హిమ్' అని ఉంది. ఇందులో మీట్ అంటే కలుసుకోవడం కాదు. అప్పటి ఇంగ్లిష్‌లో మీట్ అంటే తగిన, సరిపోయిన అని. అంటే 'అతనికి తగిన సాయం'. కాలం గడిచాక ఆ మీట్‌కి ఉన్న పాత అర్థం జనం మర్చిపోయారు. హెల్ప్, మీట్ రెండూ కలిపి హెల్ప్‌మీట్ అని ఒకే మాటగా చదివేశారు. అదొక నామవాచకం అయిపోయింది, భార్య అనే అర్థంలో. దానికీ అర్థం సరిగ్గా తోచక హెల్ప్‌మేట్ చేశారు. ఇవాళ డిక్షనరీల్లో హెల్ప్‌మేట్ దర్జాగా ఉంది. మన తెలుగు అనువాదకులు ఆ చోట 'సాటియైన సహాయము' అని రాశారు. సాటియైన! సమానమైన, జోడైన. మూడు నాలుగు వందల ఏళ్ళు ఇంగ్లిష్ పాఠకులు తడబడిన చోట ఆ ఒక్క మాట ఎంత సూటిగా నిలబడిందో. ఇంగ్లిష్‌లో హెల్ప్‌మేట్ అన్నప్పుడు కింది మెట్టు మీద ఉన్న మనిషి వాసన కొంచెం వస్తుంది. సాటి అన్నప్పుడు రాదు. మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి ఈ మాట చెప్పినప్పుడు ప్రత్యేకంగా చెప్తాను.

సరే, రోజువారీ వాడుకకి వస్తాను. తెలుగులో హెల్ప్ ఇప్పుడు మన మాటే అయిపోయింది. "అన్నా, చిన్న హెల్ప్ చెయ్యవా" అనని కుర్రాడు లేడు. కానీ మనం దాన్ని నామవాచకంగా తెచ్చుకుని పక్కన 'చెయ్యి' తగిలించుకున్నాం. డ్రైవింగ్ చెయ్యి, ఫోన్ చెయ్యి, హెల్ప్ చెయ్యి. తెలుగులో అది సరైన పద్ధతే, వేరే భాష నుంచి క్రియ తెచ్చుకుంటే అలాగే తెచ్చుకుంటాం. చిక్కు తిరిగి ఇంగ్లిష్‌లోకి వెళ్ళేటప్పుడు వస్తుంది. "డూ వన్ హెల్ప్ టు మి" అంటారు. ఇందులో మూడు తెలుగులు ఉన్నాయి: డూ, వన్, టు. ఇంగ్లిష్‌లో హెల్ప్ నామవాచకంగా ఉన్నప్పుడు లెక్కపెట్టే వస్తువు కాదు, నీళ్ళు, పాలు లాంటిది. వన్ హెల్ప్, టూ హెల్ప్స్, మెనీ హెల్ప్స్ కుదరవు. సమ్ హెల్ప్, ఎ లాట్ ఆఫ్ హెల్ప్ అనాలి. ఒక చిన్న సాయం చేసిపెట్టు అని అడగాలంటే వాళ్ళకి వేరే మాట ఉంది: డూ మి ఎ ఫేవర్. ఫేవర్‌ని లెక్కపెట్టొచ్చు. లేదా సూటిగా క్యాన్ యు హెల్ప్ మి. ఉద్యోగాల ఇంటర్వ్యూలకి, కాల్ సెంటర్లకి వెళ్ళే పిల్లలు తప్పకుండా గుర్తుపెట్టుకోవాల్సిన తేడా ఇది.

ఇక 'కాంట్ హెల్ప్'. ఒకసారి పదో తరగతిలో 'ఐ కుడ్ నాట్ హెల్ప్ లాఫింగ్' అన్న వాక్యానికి అర్థం అడిగితే ఒక అబ్బాయి లేచి, "నవ్వడానికి నేను సాయం చేయలేకపోయాను" అన్నాడు. మాటకి మాట పెట్టి చూస్తే అదే వస్తుంది మరి. అసలు అర్థం నవ్వు ఆపుకోలేకపోయాను అని. సాయం అనే మాటకి ఆపుకోవడం అనే అర్థం ఎలా వచ్చింది? హెల్ప్‌కి పాతకాలంలో నయం చేయడం, బాధ తగ్గించడం అనే అర్థం బాగా ఉండేది. మందు రోగానికి హెల్ప్ చేస్తుంది, అంటే నయం చేస్తుంది. అక్కణ్ణుంచి ఏదైనా చెడ్డ పరిస్థితికి విరుగుడు చేయడం అయింది. విరుగుడు చేయడం నుంచి జరగకుండా ఆపడం అయింది. ఇట్ కాంట్ బి హెల్ప్‌డ్ అంటే దానికి విరుగుడు లేదు, మనం ఏం చేయలేం అని. ఐ కాంట్ హెల్ప్ ఇట్ అంటే అది నా చేతుల్లో లేదు. నవ్వు, ఏడుపు, ఆవలింత, నిద్ర, ఇలా మన చేతుల్లో లేనివన్నీ దీని పక్కన '-ఇంగ్' తగిలించుకుని వస్తాయి. తల నొప్పికి మాత్ర పనిచేసిందా అని అడగడానికి ఇప్పటికీ డిడ్ ది టాబ్లెట్ హెల్ప్ అంటారు. ఆ పాత అర్థం అందులో ఇంకా బతికే ఉంది. ఈ వరస చెప్పాక ఆ అబ్బాయి మళ్ళీ మర్చిపోలేదు.

హెల్ప్ యువర్‌సెల్ఫ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. భోజనాల దగ్గర అంటే వడ్డించుకోండి, తీసుకోండి అని. 17వ శతాబ్దం నుంచి ఉన్న వాడుక. దాన్నుంచే వడ్డించుకున్న భాగాన్ని హెల్పింగ్ అనడం వచ్చింది. సెకండ్ హెల్పింగ్ అంటే మన మారు వడ్డన. మధ్యాహ్న భోజనం దగ్గర మారు అన్నం కోసం కంచం పట్టుకుని నిలబడ్డ పిల్లల్ని సెకండ్ హెల్పింగ్ అని అడిగిస్తాను. అన్నం దగ్గర నేర్చుకున్న మాట నోట్లో ఉండిపోతుంది.

ఇంకొక చిన్న విషయం. హెల్ప్ మి క్యారీ దిస్, హెల్ప్ మి టు క్యారీ దిస్, రెండూ సరైనవే. టు లేకుండా అనడం అమెరికాలో ఎక్కువ, ఇప్పుడు అంతటా పెరిగింది. ప్యాసివ్ వాయిస్‌లో మాత్రం టు ఉండాల్సిందే: హీ వాజ్ హెల్ప్‌డ్ టు వాక్. పరీక్షల్లో ఈ రెండోది అడుగుతారు.

ఇప్పుడు హెల్ప్‌కి పెద్దింటి చుట్టం అసిస్ట్ సంగతి. మా హెడ్‌మాస్టర్ గారి గది బయట సిబ్బంది పేర్ల బోర్డు ఉంది. అందులో నా పేరు పక్కన 'ఎస్.ఏ. ఇంగ్లిష్' అని ఉంటుంది. ఎస్.ఏ. అంటే స్కూల్ అసిస్టెంట్. ప్రభుత్వ హైస్కూళ్ళలో సబ్జెక్టు చెప్పే టీచర్ల పోస్టు పేరే అది. ఆరో తరగతి అమ్మాయి ఒకతె బోర్డు చదివి వచ్చి అడిగింది, "టీచర్, మీరు హెడ్ సార్‌కి అసిస్టెంటా?" అని. ఆ ప్రశ్న న్యాయమైనదే. వాళ్ళకి తెలిసిన అసిస్టెంట్లందరూ ఇంకొకరి కింద పనిచేసేవాళ్ళే. ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్, సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్, వెల్ఫేర్ అసిస్టెంట్.

అసిస్ట్ లాటిన్ మాట. ఫ్రెంచ్ మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. 'అద్' అంటే దగ్గర, 'సిస్టెరె' అంటే నిలబడటం. అసిస్ట్ అంటే దగ్గర నిలబడటం. ఈ సిస్టెరె, సంస్కృతంలోని తిష్ఠతి, రెండూ ఒకే పాత వేరు నుంచి వచ్చినవి. స్థానం, స్థితి, మనం తిష్ఠ వేసుకుని కూర్చున్నాడు అంటామే ఆ తిష్ఠ, అన్నీ అందులోవే. సంస్కృతంలో ఉప అంటే దగ్గర. ఉపస్థితి అంటే దగ్గర ఉండటం, హాజరు. ఫ్రెంచ్‌లో ఈ క్రియకి ఇప్పటికీ ఆ అర్థం ఉంది. క్లాసుకి అసిస్ట్ అయ్యాను అంటే ఫ్రెంచ్ వాళ్ళకి క్లాసుకి హాజరయ్యాను అని. ఇంగ్లిష్‌లో కూడా ఒకప్పుడు పెళ్ళికో వేడుకకో అసిస్ట్ ఎట్ అంటే అక్కడ ఉన్నాడు అనే అర్థం.

మనం సినిమా వాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు ఎలా అంటామో గమనించండి. ఫలానా డైరెక్టర్ కింద అసిస్టెంట్‌గా చేశాడు అనడం తక్కువ. ఫలానా డైరెక్టర్ దగ్గర చేశాడు అంటాం. మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాడు, వకీలు దగ్గర జూనియర్‌గా చేరాడు. లాటిన్ మాట సంగతి ఎవరూ ఎరక్కుండానే తెలుగు ఆ 'దగ్గర'ని పట్టుకుంది. అందుకే ఆ ఆరో తరగతి పిల్లకి నేను, "హెడ్ సార్‌కి కాదమ్మా, నీకు. నువ్వు చదువుతుంటే నీ దగ్గర నిలబడతాను కదా, అందుకు అసిస్టెంట్" అని చెప్పాను. మా పోస్టు పేరు మార్చాలని కొందరు టీచర్లు అంటుంటారు. నాకు ఈ పేరే బాగుంది.

వాడుకలో రెండిటికీ తేడా స్పష్టంగా ఉంది. బావిలో పడ్డవాడు హెల్ప్ అని అరుస్తాడు, అసిస్ట్ అని ఎవరూ అరవరు. అసిస్ట్ అన్నప్పుడు పని ఒకరిది, పక్కన చేయి అందించేవాళ్ళు ఇంకొకరు. ఆపరేషన్ చేసేది సర్జన్, అసిస్ట్ చేసేది మా నర్సమ్మ. ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టేది ఒకడు, ఆ బంతి అందించినవాడిది అసిస్ట్. వాక్యం కట్టడం కూడా వేరు. హెల్ప్ మి క్యారీ అనొచ్చు కానీ అసిస్ట్ మి క్యారీ కుదరదు. అసిస్ట్ మి ఇన్ క్యారీయింగ్, అసిస్ట్ మి విత్ ది లగేజ్ అనాలి. ఉత్తరాల్లో, దరఖాస్తుల్లో అసిస్ట్ బాగుంటుంది. ఇంట్లో అమ్మకి చేసేది హెల్పే.

మన సహాయం కూడా మంచి మాట. సహ అంటే కలిసి, అయ అంటే వెళ్ళడం. కలిసి నడిచేవాడు సహాయుడు. వాడుకలో అరిగి సాయం అయింది. లాటిన్ వాడు దగ్గర నిలబడ్డాడు, సంస్కృతం వాడు వెంట నడిచాడు. అచ్చ తెలుగు తోడు కూడా ఈ వెంట నడవడంలోదే. చేయి తోడు చేదోడు, వాయి తోడు వాదోడు. వాయి అంటే నోరు, మాట. పనికి చేయి, మాటకి నోరు, రెండూ అందించే మనిషిని చేదోడువాదోడు అనడం ఎంత నిండైన మాటో నాకు చెప్పడం చేతకాదు.

హెల్ప్ అన్న మాట మా పిల్లల ఇళ్ళలోకి ఇంకో దారిలో కూడా వచ్చింది. వాళ్ళ అమ్మల్లో డ్వాక్రా సంఘంలో లేనివాళ్ళు అరుదు. డ్వాక్రా పథకం 1982లో మొదలైంది. 1992లో నాబార్డ్ ఇలాంటి సంఘాల్ని బ్యాంకులతో కలపడం మొదలుపెట్టింది. వీటిని ఇంగ్లిష్‌లో సెల్ఫ్ హెల్ప్ గ్రూప్ అంటారు, తెలుగు కాగితాల మీద స్వయం సహాయక సంఘం. పది పదిహేను మంది ఆడవాళ్ళు కలిసి పొదుపు చేసి, ఒకరి పూచీ మీద ఇంకొకరు అప్పు తీసుకుని, ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్ళు సర్దే ఏర్పాటు అది. సెల్ఫ్ అన్న మాట ఒక్కరినే సూచిస్తుంది కానీ, జరిగే పని ఒకరికొకరు చేసుకునేది. మా ఊరి ఆడవాళ్ళు స్వయం సహాయకం అనరు. సంఘం అంటారు, గ్రూపు అంటారు. వాళ్ళు ఎంచుకున్న మాటే నాకు నిజంగా అనిపిస్తుంది. పదో తరగతిలో రిఫ్లెక్సివ్ ప్రనౌన్లు చెప్పేటప్పుడు దే హెల్ప్ దెమ్‌సెల్వ్స్‌కీ, దే హెల్ప్ వన్ అనదర్‌కీ తేడా ఈ సంఘాన్ని పెట్టే చెప్తాను. ప్రతి పిల్లకీ అర్థమవుతుంది, ఎందుకంటే వాయిదా కట్టే రోజు ఇంట్లో టెన్షన్ వాళ్ళకి తెలుసు.

క్లాసు గోడ మీద ఛైల్డ్ హెల్ప్‌లైన్ నంబర్ 1098 రాసి ఉంది. హెల్ప్ అన్న మాట గురించి ఎన్ని చెప్పినా, ముందు ఆ నంబర్ నోటికి వచ్చిందా లేదా చూస్తాను. ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చని, అవతలివాళ్ళు మందలించరని కూడా చెప్తాను. ఆడపిల్లలకి ఇంకోసారి విడిగా చెప్తాను.

ఈ 'కు' వేట మొదలయ్యాక పిల్లలే ముందుకెళ్తున్నారు. గోడకి ఒక చార్ట్ అతికించాం. తెలుగులో 'కు' వచ్చి, ఇంగ్లిష్‌లో టు రాని క్రియలు ఏవి దొరికితే అవి అందులో రాయాలి. మొదట హెల్ప్ ఎక్కింది. తర్వాత ఒకమ్మాయి థాంక్ తెచ్చింది. దేవుడికి కృతజ్ఞతలు చెప్తాం, ఇంగ్లిష్‌లో థాంక్ గాడ్. ఇంకొకడు ఆన్సర్ తెచ్చాడు. నాకు జవాబు చెప్పు, ఆన్సర్ మి. నా నర్సమ్మకి ఫోన్ చేసి అడిగితే ఈ రెండిటికీ కూడా జర్మన్‌లో 'కు' ఉందని చెప్పింది. పాత ఇంగ్లిష్‌లో కూడా థాంక్, ఆన్సర్ రెండూ హెల్ప్ లాగే 'ఎవరికి' అని అడిగిన క్రియలే. సెలవులకి ముందు చివరి రోజు ఒక అబ్బాయి ఒబే తెచ్చాడు, అమ్మకు విధేయుడు అని కింద రాసుకొచ్చాడు. ఇది జర్మానిక్ మాట కాదు, ఫ్రెంచ్ నుంచి వచ్చింది, కాబట్టి దీని కథ వేరు. ఫ్రెంచ్‌లో ఈ క్రియ పక్కన 'కు' లాంటి మాట ఒకటి నిజంగానే ఉంది. దాన్ని చార్ట్‌లో ఆ మూడిటి కిందే రాయాలా, పక్కన ఇంకో గడి గీయాలా అన్నది జూన్‌లో స్కూలు తెరిచాక వాళ్ళతోనే తేల్చాలి.